సాఫ్టువేరు విడుదల

మన విద్యార్థులలో ననేకుల అన్నలును అక్కలును హైదరాబాదు, బెంగుళూరు మొదలగు నగరములలో సాఫ్టువేరు ఉద్యోగములయం దున్నారు. పండుగకు వచ్చెదమని చెప్పి, తీరా ముందునాడు "ఈ రాత్రి రిలీజు కలదు, రాజాలము" అని ఫోను చేయుట కొన్ని యిండ్లలో వాడుకయైనది. "సినిమాకు గదా రిలీజు! మావానికి రిలీజేమిటి?" అని యొక తల్లి మమ్మడిగెను. ఆనాడు మేము చెప్పిన యుత్తర మామెకు చాలలేదు. కావున నిచ్చట కొంచెము విపులముగ వ్రాయుచున్నాము.

ప్రోగ్రాములు వ్రాయువారు వ్రాయునది మనుష్యులు చదువదగిన మూలప్రతి. దానిని సోర్సు కోడందురు. పెక్కు భాషలలో దీనిని కంప్యూటరు ఉన్నదున్నట్లు నడుపజాలదు. కంపైలరు మొదలగు పనిముట్లు దానిని యంత్రమునకు దగిన రూపమునకు మార్చి, కావలసిన యితర భాగములను జేర్చి, యొక కట్టగా కట్టును. ఆ కట్టయే బిల్డు. ఈ సంచికకు వ్రాతప్రతి వేఱు, అచ్చుప్రతి వేఱు గదా. చదువరి చేతికి వచ్చునది అచ్చుప్రతియే. వ్రాతప్రతి నెంత శ్రద్ధగ దిద్దినను, అచ్చుకూటమున అక్షరములు తాఱుమాఱైనచో చదువరికి దక్కునది తప్పే.

కొన్ని యేండ్ల క్రిందట మేమే యిట్టి పొరపాటొకటి చేసితిమి. మార్కుల పట్టిక కంప్యూటరులో నుండెను. "ఫైనలు" అని యొకటి, "ఫైనలు కొత్తది" అని యొకటి, "ఇదే ఫైనలు" అని మఱొకటి, మూడు ప్రతులు. పాతదానినుండి ప్రోగ్రెసు కార్డులు తీయించి పంచితిమి. గణితమున నుత్తీర్ణుడైన బాలు డొకడు తప్పినట్లుగా నింటికి బోయెను. మఱునాడు తండ్రి వానిని వెంటబెట్టుకొని వచ్చువఱకు మాకు దెలియలేదు. ఆ రాత్రి వాడన్నము ముట్టలేదట. ముగ్గురు దిద్దినచోటనే యిట్లయినప్పుడు, వందలమంది యొకే ప్రోగ్రామును దిద్దుచోట నేమగునో యూహించుకొనుడు.

ఈ చిక్కు దీర్చుటకై 2005లో లైనస్ టోర్వాల్డ్సు గారు లినక్సు పనికొఱకు గిట్ అను పనిముట్టును నిర్మించిరి. ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు ఎందులకు మార్చిరో యది గుర్తుంచును. ప్రతి మార్పునకును దాని విషయమునుండియే లెక్కగట్టిన యొక గుర్తు కలుగును. ఒక్క యక్షరము మాఱినను గుర్తు మాఱిపోవును. ప్రజలకు విడుదల చేయునపుడు మాత్రము 5.6.1 వంటి సంఖ్యలు పెట్టుదురు. పెక్కురు పాటించు పద్ధతిలో, తప్పు దిద్దినపుడు చివరి యంకె, క్రొత్త సదుపాయము చేర్చినపుడు నడిమి యంకె, పాత వాడుక చెడునంతటి మార్పు చేసినపుడు మొదటి యంకె పెరుగును. లినక్సువారు దీనిని పాటింపరు. నడిమి యంకె మఱీ పెద్దదైనపుడు టోర్వాల్డ్సు గారు మొదటి యంకెను పెంచుదురు, అంతే!

"మా యంత్రమున బాగుగనే నడచుచున్నది" అనుట ప్రోగ్రాములు వ్రాయువారికి పాత సాకు. ఇంటిపని ఇంటివద్ద మఱచితినను సాకువంటిదే యిది. అందుచేత నేడు బిల్డు కట్టుటకు ప్రత్యేక యంత్రముల నుంచుదురు. ఎవరు మార్పు పంపినను అవి మొదటినుండి క్రొత్తగా కట్టి పరీక్షలు పెట్టును. పరీక్ష తప్పిన మార్పు ముందునకు బోదు.

అటుపిమ్మట మెట్లు. 1993లో నారంభమైన డెబియన్ అను స్వచ్ఛంద సేవకుల కూటమి పద్ధతి చూడదగినది. వారియొద్ద క్రొత్త బిల్డు మొదట "అస్థిర" శాఖకు వచ్చును. పెద్ద తప్పులు కనబడక కొన్ని దినములు గడచిన "పరీక్షా" శాఖకు బోవును. సుమారు రెండేండ్ల కొకమారు ఆ శాఖలో మార్పులు నిలిపి, మిగిలిన తప్పులు దిద్ది, "స్థిర" శాఖగా విడుదల చేయుదురు. 12వ విడుదల 2023 జూన్ 10న, 13వది 2025 ఆగస్టు 9న వెలువడెను. విడుదలల పేర్లు టాయ్ స్టోరీ యను బొమ్మల చలనచిత్రములోనివి. అస్థిర శాఖకు మాత్ర మెప్పుడును "సిడ్" అనియే పేరు. ఆ కథలో బొమ్మలు విఱుగగొట్టు పిల్లవాడు వాడే.

ఈ మెట్ల విలువ 2024లో తెలియవచ్చెను. ఎక్స్ జెడ్ అను, ఫైళ్లను కుదించు చిన్న పనిముట్టొకటి కలదు. దానిని చూచుకొనువాడు జీతములేని యొక్కడే. సహాయకుడుగ వచ్చిన మారుపేరువా డొకడు రెండేండ్లకు పైగా నమ్మకముగ పనిచేసి, విడుదలలు చేయు నధికారము సంపాదించి, 5.6.0, 5.6.1 సంఖ్యల విడుదలలలో దొంగదారి నుంచెను. విషయ మంతయు మూలప్రతిలో గనబడదు. దాచినదానిని మేల్కొలుపు పంక్తులు విడుదల కట్టలో మాత్రమే యుండెను! ముద్ర సరియైనదే, ముద్రవేసినవాడే మోసగాడు. ఆండ్రెస్ ఫ్రాయిండు అను నింజనీరు, దూరపు యంత్రములోనికి ప్రవేశించుటకు సుమారు అరసెకండు ఎక్కువ పట్టుట గమనించి, కారణము వెదకి, మార్చి 29న లోకమునకు దెలిపెను. అప్పటి కది డెబియన్ అస్థిర, పరీక్షా శాఖలకు జేరినది గాని, స్థిర శాఖను తాకలేదు. మూలప్రతినుండి ఎవరు కట్టినను అక్షరము తప్పక అదే బిల్డు రావలెనను ప్రయత్నమొకటి అంతకుముందే సాగుచుండెను. ఈ సంగతితో దానికి మఱింత బలము వచ్చెను. అట్టి పోలికకు మొదట కట్టయు మూలప్రతియు నొక్కటేనా యని చూచుట యవసరము.

పంపిణీలో తొందర యెట్టిదో యదే సంవత్సరము జులై 19న చూచితిమి. క్రౌడ్ స్ట్రైకను రక్షణ సంస్థ, మన కాలమానమున ఉదయము 9-39 గంటలకు ఒక చిన్న ఫైలును విడుదల చేసెను. ప్రోగ్రాము 20 విషయముల నందించుచుండగా ఆ ఫైలు 21వ దానిని వెదకెను. తనిఖీ చేయు ప్రోగ్రాములోనే దోషముండుటచే నిది తప్పించుకొనెను. కొందఱికి ముందుగ పంపి చూచుట కాక, అందఱికి నొక్కమారే పంపిరి. 78 నిమిషములలో వెనుకకు దీసికొన్నను, సుమారు 85 లక్షల విండోసు కంప్యూటర్లు కూలెనని మైక్రోసాఫ్టువా రంచనా వేసిరి. వానిలో పెక్కింటిని మనుష్యుడు చేతితో బాగుచేయవలసి వచ్చెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులు కలముతో వ్రాసి యిచ్చిరి.

కాబట్టి తెలిసినవారు బిల్డును మొదట నూటి కొక యంత్రమునకు, బాగున్న పదింటికి, పిమ్మట నందఱికి పంపుదురు. వాడువారు తక్కువగ నుండు రాత్రివేళను ఇందులకు పెక్కురు కోరుకొందురు. వెనుకకు మరలుటకు పాత బిల్డును సిద్ధముగ నుంచుకొందురు. అయితే దత్తాంశముల రూపము మార్చిన విడుదలలో మరలుట యంత సులభము కాదు, అందుకే యట్టి రాత్రులు దీర్ఘములు.

మమ్మడిగిన తల్లి కుమారుడు ఆ రాత్రి నూటి కొక యంత్రము దగ్గఱనే తప్పు గనిపెట్టెనట. తెల్లవారుజామున నాలుగు గంటలకు పాత బిల్డునే మరల నెక్కించి నిద్రించెను. పండుగ మఱునాటి మధ్యాహ్నపు బస్సుకు వచ్చి దిగెను. అరిసెలు వానికొఱకు దాచి యుంచిరి.