ముక్కలకు జ్ఞాపకం ఉండదు



మాది రాజపాళయం. విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదాల దగ్గర ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా ఊరి నూలు మిల్లుల గురించో, మామిడి పళ్ల గురించో, ఊరి పేరే పెట్టుకున్న తెల్లని వేటకుక్క గురించో మీరు వినే ఉంటారు. నేనక్కడ ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఇవాళ మీతో మాట్లాడబోయేది కూడా ఒక లెక్కే. అయితే ఈ లెక్క నా దగ్గరికి బడిలో రాలేదు. అర్ధరాత్రి దాటాక ఫోనులో వచ్చింది.

2024లో ఒక రాత్రి, రెండు గంటల వేళ, మా అక్క కొడుకు ఫోను చేశాడు. మిల్లులో పని చేస్తాడు. "మామా, ఒక ఐదువేలు పంపుతావా? రేపే ఇచ్చేస్తాను" అన్నాడు. ఎందుకురా అని అడిగితే కాసేపు పలకలేదు. తరవాత ఒక్కసారిగా బయటపడ్డాడు. "ఆట రానివాడు నన్ను కొట్టాడు మామా! నా చేతిలో రెండు ఆసులు. వాడి చేతిలో ఏడూ, రెండూ. అయినా వాడే గెలిచాడు. నా టైము బాగాలేదు. ఇంకొక్క ఆట ఆడితే పోయిందంతా వచ్చేస్తుంది."

వాడు ఆడుతున్నది పోకరు. ఆ మాటల్లో మూడు సంగతులున్నాయి. ఆట రానివాడు గెలిచాడన్న ఉక్రోషం ఒకటి. నా అదృష్టం బాగాలేదన్న దిగులు రెండోది. ఇంకొక్క ఆట అన్న ఆశ మూడోది. ఈ మూడింటినీ వరసగా చూద్దాం.

పోకరు ఎరగనివారి కోసం రెండు మాటలు. ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. తరవాత అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్లమీద తెరుస్తారు. ఈ ఏడింటిలో మంచి ఐదు ముక్కల కూర్పు ఎవరిదైతే వారిది పందెం. మొదటి రెండు ముక్కల్లో అన్నిటికన్నా గొప్పది ఆసుల జత. రంగు కలవని ఏడు, రెండు అన్నిటికన్నా నాసిరకం అంటారు. మావాడి బాధ అందుకే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆ రెండు చేతులూ చివరిదాకా తలపడితే ఆసుల జత నూటికి దాదాపు 88 సార్లు నెగ్గుతుంది. మిగతా 12 సార్లు నెగ్గదు. అంటే సుమారు ఎనిమిదింట ఒకసారి ఆ ఏడూ రెండూ గలవాడే డబ్బు పట్టుకుపోతాడు. ఇలాంటి పోటీ ఎనిమిదిసార్లు వస్తే ఎనిమిదీ గెలిచే అవకాశం మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే. కాబట్టి ఎప్పుడో ఒకసారి ఓడిపోవడం వింత కాదు. ఎన్నడూ ఓడకపోతేనే వింత.

మరి అంత బాధ ఎందుకు? ఆసుల జత సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. అంతసేపు ఎదురుచూసిన ముక్కలు చేతికి వచ్చి, ఆ ఆటే పోతే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా ఫోనులో ముక్కలు కలిపే పని లేదు, పంచే పని లేదు. ఇంట్లో చాపమీద కూర్చుని ఆడేదానికి రెట్టింపు పైగా పంపకాలు గంటలో అయిపోతాయి. పంపకాలు పెరిగితే వాటితోపాటు పాడు ఆటలూ పెరుగుతాయి. మావాడు దాన్ని గ్రహచారం అనుకున్నాడు. నిజానికి అది వేగం.

ఇక ఆట రానివాడి సంగతి. వాడు ఎనిమిదింట ఒకసారి కూడా గెలవకపోతే రెండో రోజు బల్ల దగ్గర కూర్చోడు. వాడు అప్పుడప్పుడూ గెలుస్తాడు కనకనే వాడి డబ్బు బల్లమీదికి వస్తోంది. ఆట తెలిసినవాడు వాడిమీద కోపం తెచ్చుకోవడం, తాను కూర్చున్న కొమ్మమీద కత్తి వేయడంలాంటిది. ఇంకో మాట. ఆరుగురు కూర్చున్న బల్ల దగ్గర ఆట రానివాడెవడని అడిగితే ఆరుగురూ పక్కవాడినే చూపిస్తారు. తెల్లవారుజామున రెండు గంటలకు, నిద్ర లేక, అప్పు చేసి ఆడుతున్నవాడు ఎంత తెలిసినవాడైనా ఆ గంటకు ఆట రానివాడే. ఆ మాట మావాడితో అంటే ఫోను పెట్టేశాడు.

ఆట రానివాడు కాక మోసగాడని ఇంకొకడు ఉంటాడు. ఫోనులో ఎదుటివాడి ముఖం కనబడదు. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు వేరే ఫోనులో మాట్లాడుకుంటూ ముక్కలు చెప్పుకుంటే మీకు తెలిసే దారి లేదు. ఒక్కోసారి అవతల ఉన్నది మనిషి కాకుండా కంప్యూటరు ప్రోగ్రామే కావచ్చు. అటువంటి చోట లెక్కలూ పనిచేయవు, ఓర్పూ పనిచేయదు. లేచిపోవడమొక్కటే మందు.

ఎవరు గెలిచినా తన వంతు తప్పనివాడు మరొకడున్నాడు. అది ఆట నడిపేవాడు. ఉదాహరణకు ఆరుగురు తలా వెయ్యి తెచ్చుకున్నారనుకోండి. మొత్తం ఆరువేలు. నిర్వాహకుడు ప్రతి పందెంలో నూటికి ఐదు తీసుకుంటాడనుకుందాం. ఆ డబ్బే చేతులు మారుతూ రాత్రంతా కలిపి నలభైవేల పందేలు జరిగితే రెండువేలు ఆయనకు చేరతాయి. తెల్లారేసరికి ఆరుగురి మధ్య మిగిలేది నాలుగువేలే. అందరూ సమానంగా ఆడితే అందరూ ఓడినట్టే.

మూడోది, ఇంకొక్క ఆట. ఇప్పటిదాకా పోయింది కనక ఇక రావాలి అని మనసు చెబుతుంది. కానీ ముక్కలకు జ్ఞాపకం ఉండదు. కిందటి ఆటలో మీరు ఏడ్చారో నవ్వారో కొత్త పంపకానికి తెలియదు. జ్ఞాపకం ఉన్నది మనకే. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో ప్రచురించిన పరిశోధనలో, వంద రూపాయలు వచ్చినప్పటి సంతోషం కంటే వంద పోయినప్పటి బాధే మనిషికి పెద్దదని చూపించారు. ఆ బాధ చల్లార్చుకోవడానికే మనిషి మామూలుగా ఒప్పుకోని సాహసానికి ఒప్పుకుంటాడు. వందతో మొదలైనవాడు ఐదువేలు అడగడం అందుకే.

మీ చిత్తూరు ప్రాంతంలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం చూసినవారికి ఇది కొత్త కాదు. మొదటి జూదంలో ధర్మరాజు సర్వం పోగొట్టుకున్నాడు. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి పోయినదంతా తిరిగి ఇచ్చాడు. అంత జరిగినా మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం తెచ్చిపెట్టింది ఆ రెండో ఆటే.

ఆ అడవిలోనే బృహదశ్వుడనే ముని ధర్మరాజుకు నలుడి కథ చెప్పాడు. నలుడు కూడా జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవాడే. మరి నలుడు తిరిగి ఆడి గెలిచాడు కదా అని మావాడే నన్ను ఒకరోజు అడిగాడు. గెలిచాడు, నిజమే. కానీ ఆ రెండు ఆటల మధ్య ఏం జరిగిందో చూడాలి. నలుడు వెంటనే ఐదువేలు అప్పు అడగలేదు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథసారథిగా సంవత్సరాలపాటు కొలువు చేశాడు. ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కకట్టి చెప్పిన సంఖ్యాశాస్త్రజ్ఞుడు. ఆ విద్య నేర్చుకున్నాకనే నలుణ్ణి పట్టిన కలి వదిలింది. తరవాత ఒకే ఒక్కసారి ఆడాడు. గెలిచాడు. లేచాడు.

ఇక చట్టం మాట. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీం కోర్టు రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమనీ, మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టమనీ చెప్పింది. నైపుణ్యం ఆట అంటే డబ్బు పోదని చాలామంది అర్థం చేసుకున్నారు. కోర్టు ఆ హామీ ఇవ్వలేదు. తమిళనాడు చట్టం పోకరునూ రమ్మీనీ నిషేధిస్తే 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. 2025లో రాష్ట్రం అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదింటిదాకా ఈ డబ్బు ఆటలు ఉండకూడదని నిబంధన తెస్తే, దాన్ని మాత్రం అదే హైకోర్టు సమర్థించింది. మావాడు ఫోను చేసింది సరిగ్గా ఆ వేళలోనే. ఆ తరవాత 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అందులోని శిక్షలు ఆట నడిపేవారికీ, ప్రకటనలు ఇచ్చేవారికీ, డబ్బు చేరవేసేవారికీ. ఆడి నష్టపోయినవాడికి జైలు లేదు. కాబట్టి దాచుకోవలసిన పని లేదు.

అయినా ఎక్కడో విదేశాల నుంచి దొంగదారిన పిలిచే యాప్‌లు ఉంటాయి. అక్కడ డబ్బు పోతే అడగడానికి మనిషి దొరకడు. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఆడకుండా ఉండలేకపోతున్నామనిపించినా, అప్పుల దిగులుతో ప్రాణం మీదికి ఆలోచన పోయినా 14416 నంబరుకు చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, టెలీ మానస్. తెలుగులోనూ మాట్లాడతారు, తమిళంలోనూ మాట్లాడతారు.

ఆ రాత్రి నేను ఐదువేలు పంపలేదు. పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాను. నాలుగు నెలల్లో నలభైవేలకు పైగా పోయిందని అప్పుడు తేలింది. అందులో సగం అప్పు. అక్క ఏడ్చింది, తిట్టింది, ఆఖరికి అన్నం పెట్టింది. అప్పు ఎవరెవరికి ఎంతో ఒక నోటుపుస్తకంలో రాయించాను. నెలకు ఇంత అని తీర్చాడు. పోయిన డబ్బు తిరిగి రాలేదు, వస్తుందని నేను చెప్పనూ లేదు. ఇప్పుడు ఆదివారాలు మా వసారాలో చాపమీద రమ్మీ ఆడతాం. పందెం లేదు. ఓడినవాడు మామిడి పళ్లు కోసి పెట్టాలి. మావాడు ఇప్పటికీ మంచి ఆటగాడే. అయినా పోయిన వారం పళ్లు కోసింది వాడే. ముక్కలు సరిగా పడలేదని గొణిగాడు, నవ్వాడు, కత్తి తెచ్చుకున్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా రాత్రి రెండింటికి డబ్బు అవసరం పడితే, కోప్పడే ముందు పక్కన కూర్చుని లెక్క అడగండి.