అంగడి నుంచి చిత్రశాలకు

కళ అనగానే నిశ్శబ్ద మందిరాలు, అంగడి అనగానే బేరసారాలు, తోపులాట మనసులో మెదలుతాయి. ఈ రెండింటికీ పొత్తు కుదరదని పలువురి భావన. ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరాన ఉన్న నీస్ నగరంలో మేము దంపతులం గడిపిన కొద్ది రోజులలో ఇందుకు భిన్నమైన సత్యం మాకు గోచరించింది.

ఈ నగరం 1860లో సార్డీనియా రాజ్యం నుంచి ఫ్రాన్సుకు సంక్రమించింది. పాత పట్టణంలో, సముద్రానికి కూతవేటు దూరంలో, కూర్ సలేయా అనే పొడవైన అంగడి వీధి ఉంది. వారంలో ఆరు రోజులు అక్కడ పూలు, పండ్లు, కూరగాయలు అమ్ముతారు. సోమవారం మాత్రం పాత సామానుల సంత. శనగపిండిలో నీళ్లు, ఆలివ్ నూనె కలిపి, వెడల్పాటి రాగి పళ్ళెంలో కాల్చే ‘సొక్కా’ ఇక్కడి చిరుతిండి. మా శ్రీమతి దానిని రుచి చూచి, “ఇది మన శనగపిండి అట్టుకు చుట్టమే” అన్నది.

ఆ వీధి తూర్పు కొసన పసుపు రంగు భవనమొకటి ఉంది. సుప్రసిద్ధ చిత్రకారుడు హెన్రీ మాతిస్ (1869-1954) 1921 నుంచి 1938 వరకు అందులో నివసించాడు. నేతపనికి పేరుపొందిన ఉత్తర ఫ్రాన్సు ప్రాంతంలో పెరిగిన ఆయనకు బట్టలంటే ప్రాణం. 1910లో మ్యూనిక్ నగరంలో జరిగిన ఇస్లామీయ కళాప్రదర్శనను చూచి వచ్చాడు. 1912లో మొరాకోకు ప్రయాణించాడు. తివాచీలు, తెరలు, అల్లికబట్టలు సేకరించి, నీస్‌లోని తన గదిలో అమర్చి, వాటినే చిత్రాలకు నేపథ్యం చేశాడు. ఆ చిత్రాలలో మనిషికెంత ప్రాధాన్యమో, వెనుకనున్న గుడ్డ మీది లతకూ అంతే ప్రాధాన్యం.

1942లో పాత వస్తువుల దుకాణంలో కంటబడిన ఒక కుర్చీ ఆయనను ముగ్ధుణ్ణి చేసింది; 1946లో దానిని చిత్రించాడు. ఆ చిత్రం సిమియే గుట్ట మీది మాతిస్ ప్రదర్శనశాలకు చెందినది. 17వ శతాబ్దపు ఎర్రని భవంతిలో ఆ శాల 1963లో ప్రారంభమైంది. 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగి శరీరం సహకరించని దశలో, మాతిస్ రంగు కాగితాలను కత్తెరతో కత్తిరించి చిత్రాలు కూర్చాడు. బట్ట కత్తిరించే దర్జీకీ, ఈ మహాకళాకారునికీ పనిముట్టు ఒకటే!

ఇందులో ఒక వేదన కూడా ఉన్నది. చిత్రం మీద మాతిస్ సంతకముంది. అందులోని తెరను నేసిన చేతికి పేరు లేదు. అయినా ఆ చేయి లేనిదే ఆ చిత్రం లేదు. కనుక విద్యార్థి మిత్రులు ఏ నగరానికి వెళ్ళినా, చిత్రశాలలో అడుగు పెట్టకముందు ఒక పూట అక్కడి అంగడిలో గడపవలసిందిగా మా మనవి. గోడ మీది అందానికి మూలం పెక్కుసార్లు అక్కడే లభిస్తుంది.