సినిమాహాలులో సందడి – అల్లరి

మానవుడు సంఘజీవి అన్న మాట ఎంతవరకు నిజమో పరీక్షించడానికి సినిమాహాలు తగిన చోటు. ఒకరినొకరు ఎరుగని కొన్ని వందల మంది డబ్బు చెల్లించి, చీకటిలో భుజం భుజం ఆనించుకొని, రెండున్నర గంటలసేపు ఒకే వైపు చూస్తూ కూర్చుంటారు. వారిలో ఒక్కడు హద్దు మీరితే అందరి ఆనందం భగ్నమవుతుంది. అట్టివానిని ఏమి చేయాలి? ఊరకుండడమా, కలియబడడమా? ఈ రెండూ కాక మూడవ మార్గం ఒకటి ఉన్నదని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట ఒక విషయం గమనించాలి. ప్రేక్షకుడు చేసే ప్రతి చప్పుడూ అల్లరి కాదు. 1931లో ‘ఆలం ఆరా’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ రాకముందు, మూకీల కాలంలో, హాలు నిశ్శబ్దంగా ఉండేది కాదు. తెరపై పడే అక్షరాలను చదువురానివారి కోసం పైకి చదివి చెప్పేవారు; వాద్యాలు మ్రోగేవి. బొమ్మకు మాట వచ్చిన తరువాతనే ప్రేక్షకునికి మౌనం అవసరమైనది. ముషాయిరాలో మంచి షేర్ విని ‘వాహ్ వా’ అనని సభను చూచి ఏ కవి సంతోషిస్తాడు? ‘ముకర్రర్’ అని మళ్ళీ చదివించుకోవడం అక్కడ మర్యాద. పద్యనాటకాలలో రాగం బాగా పలికినప్పుడు ‘వన్స్‌మోర్’ అని కేకవేయడం తెలుగువారి అలవాటు. అభిమాన నటుడు తెరపై కనిపించగానే వినిపించే ఈల ఆ సంప్రదాయానికే వారసురాలు. అందువల్ల ఈలవేసిన ప్రతివాడినీ దోషిగా చూడరాదు. మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ ధ్వని తెరవైపు తిరిగి ఉన్నదా, పక్కవాని మీదికి తిరిగి ఉన్నదా? మొదటిది సందడి, రెండవది అల్లరి.

ఈ కొలతతో చూచినచో అల్లరి పలు రూపాలలో కనిపిస్తుంది. జరగబోయే కథను బిగ్గరగా చెప్పేవారు, ముందు కుర్చీని కాలితో తన్నేవారు, త్రాగి వచ్చి కేకలు వేసేవారు, ఆడవారిపై వ్యాఖ్యలు విసిరేవారు ఇందులో చేరుతారు. నేటి కాలంలో వీరికి సెల్‌ఫోను తోడైనది. ఫోను వెలుగు అంతగా బాధించడానికి కారణం ఉన్నది. సినిమా తెర వెలుగుకు నిర్ణయించిన ప్రమాణం చదరపు మీటరుకు 48 క్యాండెలాలు మాత్రమే. పూర్తి కాంతితో వెలిగే ఫోను అద్దం అంతకు పలురెట్లు ప్రకాశిస్తుంది. పైగా చీకటికి అలవాటు పడిన కంటిపాప విచ్చుకొని ఉంటుంది. కనుకనే నాలుగు వరుసల అవతల వెలిగిన చిన్న ఫోను కూడ కంటిలో ముల్లువలె గుచ్చుకొంటుంది. వెలిగించినవానికి మాత్రం ఆ సంగతి తెలియనే తెలియదు.

ఇక్కడనే మనకొక సూత్రం లభిస్తున్నది. ఇతరులకు కలిగే బాధను ఎరుగక చేసేవారు అనేకులు. ఎరిగియు చేసేవారు కొందరే. మొదటివారికి మాట చాలును. ఏడ్చే పసిబిడ్డ తల్లి, చూపు మందగించిన తాతకు కథ చెబుతున్న మనుమడు అసలు దోషులే కారు. వారిపట్ల ఓర్పు వహించడం మన విధి. బిడ్డను ఎత్తుకొని బయటికి వెళ్ళే తల్లికి కాళ్ళు ముడుచుకొని దారి ఇవ్వడమే మనం చేయగల సహాయం.

మాట చెప్పవలసి వచ్చినప్పుడు దానికొక పద్ధతి ఉన్నది. గుంపునంతటినీ ఉద్దేశించి అరవరాదు. అరిస్తే గుంపు ఏకమవుతుంది. అందులో నెమ్మదస్తునిగా కనిపించే ఒక్కరి వైపు వంగి, తగ్గు స్వరంతో చెప్పాలి. నిందగా కాక మనవిగా చెప్పాలి. ‘మీకు బుద్ధి లేదా’ అన్న మాట కయ్యానికి ఆహ్వానం. ‘అన్నా, మాటలు వినబడుట లేదు, కొంచెం మెల్లగా’ అనియో, ‘భాయీసాబ్, జర ఆహిస్తా’ అనియో అంటే చాలామంది తగ్గుతారు. ఎదుటివాని భాష, దుస్తులు, కులం, మతం, టిక్కెట్టు తరగతి – వీటిని నోటి వెంట రానీయరాదు. అవి వచ్చిన క్షణాననే సినిమా గొడవ వీధి గొడవగా మారుతుంది.

ఒకసారి చెప్పినా వినకపోతే రెండవసారి వాదించరాదు. విశ్రాంతి వరకు ఆగక, లేచి వెళ్ళి గేటు దగ్గరి మనిషికో, మేనేజరుకో వరుస, సీటు సంఖ్యలతో సహా తెలియజేయాలి. హాలులో క్రమం కాపాడడం యాజమాన్యం బాధ్యత. ప్రదర్శనకు వారికి లైసెన్సు ఇచ్చేది 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నియమావళి ప్రకారమే. ఒక్కడు వెళ్ళి చెబితే అది ఫిర్యాదు. నలుగురు కలిసి చెబితే దానిని తోసిపుచ్చడం కష్టం. పక్కవాడు మర్యాదగా మాట్లాడుతున్నప్పుడు ‘ఆయన చెప్పినది నిజమే’ అని మనం ఒక్క మాట కలిపితే అల్లరివాని ధైర్యం సగం తగ్గుతుంది. చీకటిలో అతని బలమంతా మన మౌనమే.

త్రాగినవారితోను, ఆడవారిని వేధించేవారితోను ఈ మెత్తని మాటలు పనికిరావు. అక్కడ వెంటనే యాజమాన్యాన్ని పిలవాలి, 112 సంఖ్యకు ఫోను చేయాలి. హైదరాబాదులో 2014లో ఏర్పడిన షీ టీములు ఇట్టి వేధింపుల కోసమే ఉన్నవి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 79వ సెక్షను ప్రకారం స్త్రీ గౌరవాన్ని భంగపరచే మాటకు, సైగకు మూడేండ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. త్రాగి బహిరంగ ప్రదేశంలో అల్లరి చేయడం 355వ సెక్షను క్రింద నేరం. వేధింపబడిన అమ్మాయి లేచి ఇంటికి వెళ్ళిపోవడం పరిష్కారం కాదు. ఆమె పక్కన నిలబడడం తక్కినవారి కర్తవ్యం.

అయితే తోటి ప్రేక్షకుని శిక్షించే అధికారం మాత్రం ఎవరికీ లేదు. 2016లో గోవాలోని ఒక మల్టీప్లెక్సులో, జాతీయగీతం వినిపిస్తున్నప్పుడు లేచి నిలబడలేదని ఒక రచయితను వెనుక కూర్చున్నవారు కొట్టారు. ఆయన వెన్నెముక దెబ్బతిని లేవలేని మనిషి. అదే సంవత్సరం నవంబరు 30న సుప్రీంకోర్టు హాళ్ళలో జాతీయగీతం తప్పనిసరి చేసినది. 2018 జనవరి 9న దానిని ఐచ్ఛికంగా మార్చినది. గీతాన్ని గౌరవించడం మన ధర్మమే. కాని కారణం అడగక చేయి ఎత్తినవాడు హాలులో క్రమాన్ని కాపాడినవాడు కాడు, దానిని చెరచినవాడే.

అల్లరిని చిన్న విషయమని త్రోసివేయరాదని చెప్పడానికి మరొక కారణం ఉన్నది. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలు అగ్నిప్రమాదంలో 59 మంది ప్రాణాలు కోల్పోయినారు. పొగ నిండిన హాలులో బయటికి దారి దొరకకపోవడమే చాలామంది మరణానికి కారణం. ఆనాడు అడ్డుపడినవి అదనపు కుర్చీలు, మూసిన తలుపులు. నడవలలో గుంపుగా నిలబడి ఆడేవారు కూడ అట్టి అడ్డంకియే. 2022 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో ‘బిల్లా’ పునఃప్రదర్శన సమయంలో అభిమానులు కాల్చిన బాణసంచా వల్ల హాలులో మంటలు లేచినవి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్ వద్ద ‘పుష్ప 2’ ముందస్తు ప్రదర్శనకు వచ్చిన జనం తొక్కిసలాటలో ఒక తల్లి మరణించినది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడినాడు. వారు కూడ మనవలెనే సినిమా చూడడానికి వచ్చినవారే. కనుక హాలులో ఎవరైనా టపాకాయ తీసినా, నడవను మూసినా అది వినోదం కాదు. మర్యాదగా చెప్పి చూచే సందర్భమూ కాదు. తక్షణం సిబ్బందికి తెలియజేయవలసిన అపాయం.

విద్యార్థి మిత్రులారా! మనం సినిమాకు ఒంటరిగా వెళ్ళేది తక్కువ. పదిమందిగా వెళ్ళేదే ఎక్కువ. పదిమందిలో ఉన్నప్పుడు మన గొంతు ఎంత పెద్దదో మనకు వినబడదు. కనుక పైన చెప్పిన మాటలు ఇతరులకే కాక ముందుగా మనకు వర్తిస్తాయి. మన బృందంలో ఒకడు హద్దు మీరినప్పుడు పరాయివాడు చెప్పేకంటె స్నేహితుడు మోచేత్తో తట్టి చెప్పడం సులువు. కళాశాలలో చిత్రప్రదర్శన ఏర్పాటైనప్పుడు ఇద్దరు ముగ్గురు విద్యార్థులనే ద్వారాల వద్ద, నడవల వద్ద వాలంటీర్లుగా నియమించినచో ఈ అలవాటుకు పునాది ఇక్కడనే పడుతుంది. కమిటీ పెద్దలు దీనిని ఆలోచింతురుగాక. ఉర్దూలో తహజీబ్ అన్నా, తెలుగులో సంస్కారం అన్నా భావం ఒక్కటే: మన ఆనందం పక్కవానికి దుఃఖం కాకుండా చూచుకోవడం. వెలుగులో, నలుగురూ చూస్తుండగా దానిని పాటించడం సులభం. ఎవరి ముఖం ఎవరికీ కనిపించని చీకటిలో పాటించినప్పుడే అది మనదని చెప్పుకోగలం.