ఫైబరు పడవయు, పుట్టియు

చేవెళ్ళనుండి మొయినాబాదు మీదుగా హైదరాబాదునకు పోవు బాటకు ఉత్తరమున, మూసీనదిపై 1920లో కట్టిన ఉస్మాన్‌సాగరును, దక్షిణమున ఈసీనదిపై 1927లో ముగిసిన హిమాయత్‌సాగరును గలవు. 1908వ సంవత్సరపు మూసీ వరద పిమ్మట నగరరక్షణమునకును, త్రాగునీటికిని ఇవి నిర్మింపబడినవి. మన ప్రాంతపు చెఱువులలో వలవేయువారికి చిరకాలము పుట్టియే పడవ. వెదురుబద్దలను బుట్టవలె అల్లి, పూర్వము దానికి తోలు తొడిగెడివారు. ఇప్పుడు ఫైబరు పుట్టులును వచ్చినవి.

అట్టిదానిని ఇంటిలో చేయవచ్చునా యని పై తరగతి విద్యార్థులు మమ్మడిగిరి. పెద్దల యెదుట చేయవచ్చును. బోర్లించిన కొయ్య అచ్చుపై మైనము రుద్ది, గాజునార చాప పఱచి, రెసినును కుంచెతో పట్టింపవలెను. రెసినులో హార్డెనరు నూటికి ఒకటి రెండు పాళ్ళు చాలును; ఎండకాలమున నిమిషములలోనే గట్టిపడును. గాలిబుడగలను రోలరుతో వెడలగొట్టక పూత పూయుట వృథా. కోబాల్టు ద్రవమును హార్డెనరుతో నేరుగా కలుపరాదు, ప్రేలును. చేతులకు తొడుగులు, పనికి ఆరుబయలు తప్పనిసరి.

ఇంతవఱకు సులభమే. అసలు చిక్కు వేఱొకటి గలదు. వెదురు నీటికన్న తేలిక. కావున పుట్టి నీటితో నిండినను మునిగిపోదు. గాజునార పలకయో నీటికన్న సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. 60 కిలోల పడవ నిండినయెడల దాని పలక 40 లీటర్ల నీటినే తొలగించును. తక్కిన 20 కిలోల బరువు దానిని అడుగునకు లాగును. పట్టుకొని వ్రేలాడువారి భారము దీనికి అదనము. అందుచే పీటల క్రింద గాలి నిలుచు భాగములను మూసి యుంచవలెను.

ఈ సంగతి యెఱిగియు మేము పొరబడితిమి. మా మొదటి నమూనాలో థర్మోకోలు దిమ్మలు పెట్టి, వానిపై రెసిను పోసితిమి. రెసినులోని స్టైరీను వానిని కరగించివేసెను. పైకి నున్నని పీట, లోపల డొల్ల! అది మూడు వ్రేళ్ళ వెడల్పు నెఱ్ఱె విచ్చి, నీరు త్రాగి మునిగెను. ఎవరును ఎక్కకముందే తెలియుట మా యదృష్టము.

రెండవ నమూనాలో గట్టి పాలీయూరితేను నురుగుదిమ్మలు పెట్టితిమి. దానిని తొట్టిలో నిండ నీరుపోసి రేయంతయు ఉంచితిమి. తెల్లవాఱినప్పటికి అంచు నీటిపైననే యుండెను.