రెక్క మీదికి పాకిన సార్జెంటు

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగింది. ఇళ్ళు మునిగాయి. జనం మేడల మీదికి ఎక్కారు. అప్పుడు ఆకాశంలో హెలికాప్టర్లు వచ్చాయి. తిండి పొట్లాలు కిందికి వదిలాయి. 1977 దివిసీమ ఉప్పెనను చూసిన పెద్దవాళ్ళకు కూడా హెలికాప్టర్లు గుర్తుండే వుంటాయి.

హెలికాప్టరును పైలట్ నడుపుతాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. మరి తలుపు దగ్గర నిలబడి పొట్లాలు వదిలేది ఎవరు? తాడు కట్టి మనుషుల్ని పైకి లాగేది ఎవరు? ఇంజను బాగా తిరుగుతోందా లేదా అని చూసుకునేది ఎవరు?

వాళ్ళ గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా? రండి, తెలుసుకుందాం.

పైలట్ ఒక్కడే కాదు

వైమానిక దళం అంటే విమానాలతో దేశాన్ని కాపాడే సైన్యం. అందులో అధికారులు వుంటారు. అధికారులు కాని ఉద్యోగులు కూడా వుంటారు. వీళ్ళను ఎయిర్‌మెన్ అంటారు. కార్పొరల్, సార్జెంటు అనేవి వీళ్ళ హోదాలు. వీళ్ళలో చాలామంది నేల మీదే పని చేస్తారు. ఇంజన్లు బాగుచేస్తారు. విమానంలో నూనె పోస్తారు. కొందరు మాత్రం విమానంలో ఎగురుతారు.

లారీ సంగతి చూడండి. డ్రైవరుకు వెనక ఏముందో కనపడదు. క్లీనరు దిగి, చెయ్యి తట్టి, "రా, రా, ఆగు" అంటేనే లారీ వెనక్కి వస్తుంది. హెలికాప్టరులో కూడా అంతే. పైలట్‌కు తన కింద ఏముందో సరిగా కనపడదు. తలుపు దగ్గర వున్న మనిషి చూసి చెప్పాలి. "కొంచెం ఎడమకు, ఇంకొంచెం కిందికి, ఆగు" అని చెప్పాలి. అతను తప్పు చెబితే అందరి ప్రాణాలకూ ముప్పే.

పెద్ద విమానాల్లో ఫ్లైట్ ఇంజనీరు అని ఒకరు వుండేవారు. కొన్ని విమానాల్లో ఇప్పటికీ వున్నారు. అతని ముందు గడియారాల్లాంటి పరికరాలు వరసగా వుంటాయి. నూనె ఎంత వుంది? ఇంజను ఎంత వేడెక్కింది? ఇవన్నీ ముల్లు చూసి చెప్పాలి. నాలుగు గిన్నెలు ఒకేసారి పొయ్యి మీద పెట్టిన ఇల్లాలిని తలుచుకోండి. చప్పుడును బట్టి, వాసనను బట్టి ఏది పొంగుతుందో, ఏది మాడుతుందో ఆమెకు తెలుస్తుంది. ఇంజన్ల దగ్గర ఫ్లైట్ ఇంజనీరు పని కూడా అలాంటిదే.

ఈ పని ఎంత బరువైనదో తెలియాలంటే ఒక పాత సంగతి చెప్పుకోవాలి. ఇది మన దేశంలో జరిగింది కాదు. ఇంగ్లండు దేశపు సార్జెంటు కథ. కల్పన కాదు, నిజంగా జరిగింది.

ఏడుగురి విమానం

1939 నుంచి 1945 వరకు రెండో ప్రపంచ యుద్ధం జరిగింది. ఇంగ్లండు, జర్మనీ పోట్లాడుకున్నాయి. ఇంగ్లండు దగ్గర లాంకాస్టర్ అనే బాంబుల విమానం వుండేది. దానికి నాలుగు ఇంజన్లు. అందులో ఏడుగురు మనుషులు ఎక్కేవారు. ఒకరు పైలట్. ఒకరు ఫ్లైట్ ఇంజనీరు. ఒకరు దారి చెప్పేవారు. ఒకరు బాంబులు వేసేవారు. ఒకరు వైర్‌లెస్ చూసేవారు. ఇద్దరు తుపాకుల దగ్గర కూర్చునేవారు. ఈ ఏడుగురిలో చాలామంది సార్జెంట్లే.

ఎక్కువగా రాత్రిపూట వెళ్ళేవారు. పైన ఎముకలు కొరికే చలి. విమానం తోకలో తుపాకీ పట్టిన మనిషి గంటల తరబడి చీకట్లో ఒక్కడే కూర్చునేవాడు. ఒక జట్టు 30 సార్లు వెళ్ళి వస్తే కొంతకాలం విశ్రాంతి ఇచ్చేవారు. ఆ 30 పూర్తి చేయడమే కష్టం. ఇంగ్లండు బాంబుల విమానాల్లో యుద్ధకాలంలో సుమారు 1,25,000 మంది ఎగిరారు. వాళ్ళలో 55,573 మంది చనిపోయారు. అంటే నూరుమందిలో 44 మంది తిరిగి ఇల్లు చేరలేదు.

మగబిడ్డ పుట్టిన రోజు

నార్మన్ జాక్సన్ ఇలాంటి సార్జెంటే. 1919లో పుట్టాడు. మొదట ఇంజన్లు బాగుచేసే పనిలో చేరాడు. తర్వాత ఫ్లైట్ ఇంజనీరు పని నేర్చుకున్నాడు.

1944 ఏప్రిల్ నాటికి జాక్సన్ 30 సార్లు వెళ్ళి వచ్చాడు. అతని లెక్క పూర్తయింది. ఇక ఆగిపోవచ్చు. కాని అంతకు ముందు ఒకసారి అతను వేరే జట్టుతో వెళ్ళాడు. అందువల్ల తన జట్టువాళ్ళకు ఇంకొక్కటి మిగిలింది. వాళ్ళను వదిలి ఎలా వుండటం? అందరం కలిసే ముగిద్దాం అనుకున్నాడు. 31వ సారి బయలుదేరాడు.

అది ఏప్రిల్ 26. ఆ రోజే ఇంటి నుంచి కబురు వచ్చింది. భార్య ప్రసవించింది. మగబిడ్డ పుట్టాడు. బిడ్డ ముఖం చూడకుండానే జాక్సన్ విమానం ఎక్కాడు.

ఆ రాత్రి వాళ్ళు జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ అనే ఊరికి వెళ్ళారు. అక్కడ బాల్ బేరింగులు తయారుచేసే కర్మాగారాలు వుండేవి. సైకిల్ చక్రం తేలికగా తిరగడానికి లోపల ఇనుప గుళ్ళు వేస్తారు కదా, అలాంటివి. అవి లేకపోతే యుద్ధ యంత్రాలు తిరగవు.

బాంబులు వేశాక శత్రు విమానం వాళ్ళను తరిమి కాల్చింది. జాక్సన్ కాలికి, భుజానికి గాయాలయ్యాయి. కుడి రెక్క మీద మంట లేచింది. పక్కనే పెట్రోలు ట్యాంకు!

విమానం భూమికి 20,000 అడుగుల ఎత్తున వుంది. అంటే సుమారు 6 కిలోమీటర్లు. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో పోతోంది. జాక్సన్ పైలట్‌ను అడిగాడు, తాను బయటికి వెళ్ళి మంట ఆర్పుతానని. పైలట్ సరే అన్నాడు.

మంటలార్పే డబ్బాను లైఫ్ జాకెట్‌లో దోపుకున్నాడు. పారాచూట్ కట్టుకున్నాడు. పారాచూట్ అంటే గాలిగొడుగు. పైనుంచి దూకినప్పుడు మనిషిని మెల్లగా కిందికి దించుతుంది. పైలట్ తల మీద వున్న తలుపు తీసి బయటికి పాకాడు. ఇంతలో గాలిగొడుగు విచ్చుకుని విమానం లోపల పడింది. లోపలి వాళ్ళు దాని తాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. అతను ముందుకు పాకేకొద్దీ మెల్లగా వదిలారు. బావిలోకి దిగిన మనిషికి పైవాళ్ళు తాడు వదిలినట్టు.

జాక్సన్ జారి రెక్క మీద పడ్డాడు. రెక్క అంచు పట్టుకున్నాడు. డబ్బా చేయి జారి పోయింది. ముఖం, చేతులు, బట్టలు కాలాయి. పట్టు తప్పింది. మంటల మధ్య నుంచి వెనక్కి కొట్టుకుపోయాడు. ఆ వెనకే గాలిగొడుగు కూడా వెళ్ళింది. అది సగమే విచ్చుకుంది. అక్కడక్కడా అంటుకుని వుంది.

మంట ఆరలేదు. విమానం దక్కలేదు. పైలట్ అందరినీ దూకమన్నాడు. నలుగురు దూకి బతికారు. పైలట్, తోకలో వున్న తుపాకీ మనిషి చనిపోయారు.

జాక్సన్ కూడా బతికాడు. చీలమండ విరిగింది. ఒక కన్ను మూసుకుపోయింది. చేతులు పనిచేయలేదు. తెల్లవారాక పాకుతూ దగ్గరలోని ఊరు చేరాడు. జర్మన్లు అతన్ని ఖైదీగా పట్టుకున్నారు. 10 నెలలు ఆసుపత్రిలో వున్నాడు. చేతులు మళ్ళీ మునుపటిలా కాలేదు.

చెప్పింది తోటివాళ్ళు

ఈ సంగతి లోకానికి ఎలా తెలిసింది? జాక్సన్ చెప్పుకోలేదు. 1945లో యుద్ధం ముగిసింది. బతికిన తోటివాళ్ళు చెర నుంచి తిరిగి వచ్చారు. వాళ్ళే జరిగిందంతా చెప్పారు. అప్పుడు ఇంగ్లండు ప్రభుత్వం అతనికి విక్టోరియా క్రాస్ ఇచ్చింది. అక్కడ సైనికుల ధైర్యానికి ఇచ్చే బిరుదుల్లో అదే అన్నిటికన్నా పెద్దది.

1945 నవంబరులో రాజు చేతి మీదుగా పతకం తీసుకున్నాడు. అదే రోజు చెషైర్ అనే పెద్ద అధికారికీ అదే పతకం ఇచ్చారు. హోదా ప్రకారం ముందు చెషైర్‌కు ఇవ్వాలి. కాని చెషైర్, ఇతను నాకన్నా ఎక్కువ తెగించాడు, ముందు ఇతనికి ఇవ్వండి అని రాజును కోరాడట. ఆ మాట జాక్సన్ ఎన్నటికీ మరిచిపోలేదు.

ఎందుకంత సాహసం చేశావని అడిగితే, అది ఫ్లైట్ ఇంజనీరుగా తన పని అనేవాడు జాక్సన్. అతను 1994లో చనిపోయాడు.

ఇంకో సంగతి కూడా మరవకూడదు. ఆ యుద్ధంలో విమానాలు వేసిన బాంబులకు జర్మనీ ఊళ్ళలో లక్షల మంది మామూలు జనం చనిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళు, పసిపిల్లలు కూడా వున్నారు. ధైర్యం గొప్పదే. యుద్ధం మాత్రం రెండు వైపులా ఇళ్ళను కూలుస్తుంది.

మన దేశంలో

మన వైమానిక దళంలో కూడా ఇలాంటి సార్జెంట్లు ఎందరో. 1999 మే 28న, కార్గిల్ యుద్ధంలో, తోలోలింగ్ కొండ దగ్గర మన హెలికాప్టరు ఒకటి క్షిపణి తగిలి కూలింది. అందులో నలుగురు చనిపోయారు. ఇద్దరు అధికారులు: రాజీవ్ పుండీర్, ముహిలన్. ఇద్దరు సార్జెంట్లు: పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, ఆర్.కె. సాహు. హోదాలు వేరు. కూర్చున్న హెలికాప్టరు ఒకటే.

ఇది మగవాళ్ళ పనేనా? ఒకప్పుడు అలాగే అనుకునేవారు. 2019లో హీనా జైస్వాల్ అనే అధికారి మన వైమానిక దళంలో మొదటి మహిళా ఫ్లైట్ ఇంజనీరు అయింది. 2023లో ఆడపిల్లలు అగ్నివీరులుగా ఎయిర్‌మెన్ చేసే పనుల్లోకి వచ్చారు.

ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం వుంది. 2019లో కట్టడం పూర్తయింది. దేశం కోసం చనిపోయిన సైనికుల పేర్లు అక్కడి రాళ్ళ మీద చెక్కారు. పెద్ద హోదా వాళ్ళ పేర్లూ వున్నాయి, చిన్న హోదా వాళ్ళ పేర్లూ వున్నాయి. ఎవరైనా ఆగి చదివితేనే ఆ పేరు మళ్ళీ పలుకుతుంది.

ఈసారి వరదలో హెలికాప్టరు వస్తే తల ఎత్తి చూడండి. తలుపు దగ్గర ఒక మనిషి వుంటాడు. అతనికీ ఒక పేరు వుంది. ఇంటి దగ్గర అతని కోసం ఎదురుచూసే తల్లో, భార్యో, బిడ్డో వుంటారు.

మాట్లాడుకోండి

1. జాక్సన్ 31వ సారి ఎందుకు వెళ్ళాడు? మీరైతే వెళ్ళేవారా?

2. బిడ్డను ఎత్తుకుని ఎదురుచూసిన అతని భార్య ఏమనుకుని వుంటుంది?

3. మీ ఊళ్ళో పేరు బయటికి రాకుండా పదిమందికి మేలు చేసేవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు మీ పలక మీద రాయండి.