మట్టి ముంత, గుడ్డసంచి: మహమ్మారి పిమ్మట మన కొనుగోళ్లు

కోల్‌కతా నగర వీధులలో తేనీటిని చిన్న మట్టి ముంతలలో పోసి యిచ్చు ఆచారము చిరకాలముగా నున్నది. వంగదేశీయులు ఈ ముంతను భాఁడ్ అందురు. మన భాండమను మాటకు అది దగ్గరి చుట్టము. ఒకరు త్రాగిన ముంతలో వేరొకరు త్రాగరు. ఒక్క పర్యాయము వాడి పారవేయునదే యైనను, అది పెంకులై మట్టిలో కలిసినచో కీడు లేదు.

2020 మార్చి 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు, తక్కిన నగరములందు వలెనే ఇచ్చటను జనుల కొనుగోళ్ల తీరు రెండు విధముల మారెను. ఒకవంక భయము. పరులు తాకిన వస్తువును తాకరాదనియు, ప్లాస్టిక్కులో కట్టిన సరకే శుభ్రమైనదనియు పలువురు తలచిరి. ఇంటినుండి తెచ్చిన గుడ్డసంచిని శంకించిరి. వేరొకవంక, అంగళ్లు మూతబడుటచే ఉన్నదానితో సరిపెట్టుకొనుట, చిరిగినది కుట్టుకొనుట, మిగిలిన అన్నమును వృథా చేయకుండుట అలవడెను. పని పోయి, చేతిలో పైకము లేక తక్కువ కొనినవారి యిబ్బందిని పొదుపని పొగడరాదు. కాని కలిగినవారికి సైతము ఎంత తక్కువతో గడపవచ్చునో అప్పుడు తెలిసినది.

ఆ భయమునకు ఆధారమెంత? 2020లో ప్రయోగశాలయందు జరిపిన పరీక్షలలో ఈ వైరసు అట్టపై ఒక దినమునకు మించి నిలువలేదు. ప్లాస్టిక్కుపైనను, స్టీలుపైనను మూడు దినముల వరకు నిలిచెను. అనగా జనులు నమ్మిన ప్లాస్టిక్కే దానికి ఎక్కువ కాలము చోటిచ్చినది! పిమ్మట తేలిన సంగతి మరింత ముఖ్యము. ఈ వ్యాధి ప్రధానముగా గాలి చొరని గదులలో ఒకరి శ్వాసనుండి మరొకరికి సోకును. వస్తువులను తాకుటవలన సోకుట అరుదు. వ్యాధి వచ్చు త్రోవ తెలిసినగాని తగిన జాగ్రత్త తెలియదు. 1884లో రాబర్ట్ కాఖ్ కలరా క్రిమిని ఈ నగరమునందలి చెరువు నీటిలోనే కనుగొనెను. కలరా రాకుండుటకు నీరు కాచి త్రాగవలెను. కోవిడ్ రాకుండుటకు కిటికీలు తెరవవలెను. గుడ్డసంచిని విడిచిపెట్టుటకు మాత్రము కారణము లేదు.

విడిచినచో నష్టమేమి? నగరపు చెత్త తూర్పుననున్న ధాపాకు చేరును. ఆ ప్రాంతముననే సుమారు 12,500 హెక్టారుల చిత్తడినేలలు గలవు. నగరపు మురుగునీరు అచ్చటి చెరువులలో ఎండచేతను, నాచుచేతను శుద్ధియై చేపలకు మేత సమకూర్చును. ఆ చేపలను, అక్కడి కూరగాయలను నగరవాసులే తిందురు. ఈ ప్రదేశము 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో చేరినది. పారవేసిన ప్లాస్టిక్కు సంచి ఆ దిక్కునకైనను పోవును, లేదా కాలువకు అడ్డుపడి వానకాలమున నీటిని వీధిలో నిలుపును. సంచుల మడతలలో, గ్లాసులలో నిలిచిన నీటియందు డెంగ్యూ దోమ వారము పదిదినములలో పెరిగి ఎగురును.

కావున అంగడికి పోవునపుడు గుడ్డసంచిని, చేపలకు మాంసమునకు మూతగల గిన్నెను వెంట గొనిపోవలెను. సంచిని సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేసిన చాలును. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు గ్లాసులు, పళ్లెములు, చెంచాలు 2022 జూలై 1వ తేదీనుండి నిషిద్ధములు.

మట్టి ముంతయు నిర్దోషమైనది కాదు. దానిని కాల్చుటకు వంటచెరకో బొగ్గో కావలెను. ఇంటిలోను, కార్యాలయములోను కడిగి వాడుకొను గ్లాసు దానికన్న మేలు. వీధిలో త్రాగినపుడు ముంతను పగులగొట్టి చెత్తతొట్టిలో వేయవలెను. వెల్లకిల పడియున్న ముంతలో చేరిన వాననీరు దోమకు చాలును.