భూగర్భజల సంరక్షణము: సంఘముల పొత్తు

సహకార సంఘమునకు సభ్యుల పట్టిక కలదు, గ్రామపు టెల్లలు కలవు. నేలలోని నీటి కీ రెండును లేవు. ఒక గ్రామమున బోరులు లోతుగా దింపినచో ప్రక్క గ్రామపు బావి యెండవచ్చును. కావున ఏ యొక్క సంఘమును తనంతట తానీ నీటిని కాపాడజాలదు. పెక్కు సంఘములు పొత్తు కలిసి, ఆ పొత్తును చిరకాలము నిలుపుకొను విధము నిచట వివరింతుము.

ఇందుకు మన సీమలోనే నిదర్శనము కలదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాలలో, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకము ప్రారంభమయ్యెను. నెదర్లాండ్సు ప్రభుత్వము ధన మొసగెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేయూత నిచ్చెను. నంద్యాలలోని బర్డ్స్ మొదలగు స్వచ్ఛంద సంస్థలు గ్రామములలో పనిచేసెను. గ్రామమున కొక రైతు సంఘమును, ఒకే వాగులోనికి నీరు దిగు గ్రామముల కన్నిటికి నొక సమాఖ్యయు నేర్పడెను. నీరు పారు హద్దులనే సమాఖ్యకు హద్దులుగా గైకొనుట గమనింపదగినది.

రైతులే వాన కొలిచిరి. ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన సుమారు 4,000 లీటర్ల నీరగును. ఏర్పరచుకొన్న బావులలో పదునైదు దినముల కొకసారి నీటిమట్టమును కొలిచి, అందరికి కనబడునట్లు పలకపై వ్రాసిరి. వానకాలము ముగిసిన పిమ్మట సభ చేరి, నేలలోని కింకిన నీరెంత, రబీలో వేయదలచిన పంటలకు వలయు నీరెంత యని జమాఖర్చు వేసిరి. ఖర్చు మించినచో వరి తగ్గించి ఆరుతడి పంటలు వేయుట మేలని లెక్కయే తెలుపుచుండెను. ఎవరిని నిర్బంధింపలేదు. లెక్క చూచి ఎవరి పంటను వారే నిర్ణయించుకొనిరి.

అయితే పథకములకు గడువు కలదు. ధనమిచ్చువారు వత్తురు, పోదురు. వారు పోయిన మరునాడు కొలతలు నిలిచిపోయినచో ఆ పొత్తు మనది కాదన్నమాట. అట్లు కాకుండుటకు మూడు జాగ్రత్తలు వలయును. మొదటిది: ఏ సంఘ మే పని చేయవలయునో, ఖర్చులో నెవరి పాలెంతయో ముందుగా తీర్మానమున వ్రాసుకొనవలయును. రెండవది: కొలతల పుస్తకము గ్రామముననే యుండవలయును, కొలుచుట యిద్దరు ముగ్గురికైనను తెలిసియుండవలయును. మూడవది: వానలు బాగుగా కురిసిన యేడును సమావేశము మానరాదు. బావు లెండిన యేట మేల్కొని, నిండిన యేట నిద్రించు సంఘములు నిలువవు.

వర్షమాపకమునకును, కొలత టేపునకును పెద్ద మొత్తము పట్టదు. మన సంఘముల వారు రాబోవు రబీకి ముందే పొరుగు సంఘముల పెద్దలను పిలిచి, ఒక్క వాగు పరిధిలోనైనను ఈ పని నారంభింతురు గాక యని కోరుచున్నాము.